ఒక క్రియాపదం ఖరీదు: విజయవాడ మెడికల్ కోడింగ్ సంస్థ కేస్ స్టడీ

2020 నవంబరులో ఒక సాయంత్రం మా క్లయింటు ఒకావిడ మా ఆఫీసుకు వచ్చి, ప్రింటు తీసిన నోటీసు బల్ల మీద పెట్టారు. ఫారం ఆర్‌ఎఫ్‌డీ-08. మీరు అడిగిన జీఎస్టీ రిఫండును ఎందుకు తిరస్కరించకూడదో పదిహేను రోజుల్లో చెప్పండని అడిగే కాగితం.

"సార్, మేము బ్రోకర్లమట" అన్నారు.

ఆవిడది విజయవాడలో చిన్న మెడికల్ కోడింగ్ సంస్థ. అప్పటికి 48 మంది పనిచేస్తున్నారు. ఏడాదికి రెండు కోట్ల అరవై లక్షల టర్నోవరు, మొత్తం అమెరికా నుంచే. 2016లో తొమ్మిది మందితో మొదలైనప్పటి నుంచి వాళ్ల లెక్కలు, పన్నులు నేనే చూస్తున్నాను. క్లయింటును ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. చట్టం, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

సేవల ఎగుమతుల గురించి మాట్లాడేటప్పుడు అందరూ పెద్ద అంకెతోనే మొదలుపెడతారు. 2024-25లో మన దేశం సుమారు 387 బిలియన్ డాలర్ల సేవలను ఎగుమతి చేసింది. వస్తువుల ఎగుమతి 437 బిలియన్ల దగ్గర ఉంది. ప్రపంచ వస్తు ఎగుమతుల్లో మన వాటా 2 శాతం లోపు, సేవల్లో 4 శాతం పైన. సంతోషమే. ఆ 387 బిలియన్లలోకి చేరే ఒక చిన్న పాయ మా బల్ల మీదుగా వెళుతుంది కాబట్టి, అది ఎక్కడ ఆగుతుందో నాకు కాస్త తెలుసు.

పని ఎలా వచ్చింది

2015 అక్టోబరు 1న అమెరికా వైద్య రంగం రోగ నిర్ధారణ కోడ్‌లను ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కి మార్చింది. అంతవరకు సుమారు 14 వేలు ఉన్న కోడ్‌లు ఒక్కసారిగా 68 వేలు దాటాయి. డాక్టరు రాసిన నోట్సును కోడ్‌లుగా మారిస్తే తప్ప బీమా కంపెనీ డబ్బు ఇవ్వదు. అక్కడి క్లినిక్‌లకు కోడర్లు చాలలేదు. హైదరాబాదులో పెద్ద సంస్థలు ఈ పనిని అప్పటికే చేస్తున్నాయి. మా క్లయింటు అలాంటి ఒక సంస్థలోనే ఏడేళ్లు పనిచేశారు. బీఫార్మసీ చదివి, కోడింగ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. అత్తగారి ఆరోగ్యం బాగాలేక విజయవాడ తిరిగి వచ్చి, ఒక అపార్టుమెంటు మొదటి అంతస్తులో సంస్థ మొదలుపెట్టారు.

ప్రపంచ వాణిజ్య సంస్థ సేవల ఒప్పందం 1995 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. సేవ దేశం దాటడానికి అది నాలుగు దారులు చెబుతుంది: సేవే సరిహద్దు దాటడం, వినియోగదారుడు ఇక్కడికి రావడం, సంస్థ అక్కడ శాఖ పెట్టడం, మనిషే వెళ్లి పనిచేయడం. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నాలుగో దారి గురించి తెలియని ఇల్లు ఉండదు. మనవాళ్లు దాన్ని హెచ్-1బీ అంటారు. ఈ సంస్థది మొదటి దారి. గుడివాడ, తెనాలి, నూజివీడు నుంచి వచ్చిన బీఎస్సీ, బీఫార్మసీ, ఫిజియోథెరపీ పట్టభద్రులు పాస్‌పోర్టు లేకుండానే ఎగుమతిదారులయ్యారు. అందులో మూడింట రెండు వంతుల మంది అమ్మాయిలు. ఈ ఉద్యోగం లేకపోతే వాళ్లలో చాలామంది అమీర్‌పేట హాస్టళ్లలో ఉండేవారు, లేదంటే చదువు మూలపడి ఇంట్లో కూర్చునేవారు.

పదో తరగతితో ఆగిపోయినవాళ్లకు మాత్రం ఈ గదిలో కుర్చీ లేదు. సేవల రంగం దేశ ఆదాయంలో సగానికి పైగా ఇస్తూ, పనివాళ్లలో మాత్రం సుమారు 30 శాతానికే చోటు ఎందుకు ఇస్తోందో తెలుసుకోవడానికి ఆ గదిలో గంటసేపు కూర్చుంటే చాలు.

ఒప్పందంలో ఏముంది

సంస్థకు నేరుగా డాక్టర్లతో సంబంధం లేదు. న్యూజెర్సీలోని ఒక బిల్లింగ్ కంపెనీ అక్కడి క్లినిక్‌లతో ఒప్పందం చేసుకుంటుంది. ఆ పనిలో కోడింగ్ భాగాన్ని మనవాళ్లకు ఇస్తుంది. అంటే మనవాళ్లు సబ్ కాంట్రాక్టర్లు. మొదట చార్టుకు, అంటే ఒక రోగి వైద్య నోట్సుకు, ఇంత అని రేటు. 2018లో రెండో ఒప్పందం వచ్చింది. బీమా కంపెనీలు తిరస్కరించిన క్లెయిములను సరిచేసి మళ్లీ పంపే పని అది. దీనికి వసూలైన సొమ్ములో కొంత శాతం ఇస్తారు.

ఆ రెండో ఒప్పందం నాలుగో పేజీలో పని వివరణ ఉంది. డాక్టర్లకూ బీమా కంపెనీలకూ మధ్య క్లెయిముల సమర్పణను, పరిష్కారాన్ని బిల్లింగ్ కంపెనీ తరఫున "ఫెసిలిటేట్" చేయాలి అని రాసి ఉంది. పని జరిగేలా తోడ్పడడం అని అర్థం, అమెరికన్ లాయరు అలవాటుగా వాడిన క్రియ. ఆ పేజీని నేను 2018లోనే చదివాను. రేటు చూశాను, చెల్లింపు గడువు చూశాను, వాళ్లు అక్కడ 30 శాతం పన్ను పట్టుకోకుండా డబ్ల్యూ-8బెన్-ఈ ఫారం, పని మొత్తం ఇండియాలోనే జరుగుతుందన్న ప్రకటన పంపించాను. ఆ క్రియ దగ్గర నా కన్ను ఆగలేదు.

ఆగి ఉండాల్సింది. రాష్ట్రాలు, దేశం దాటే సరఫరాలకు వర్తించే ఐజీఎస్టీ చట్టం 2(13) సెక్షన్‌లో 'ఇంటర్మీడియరీ', అంటే మధ్యవర్తి, నిర్వచనం ఉంది: ఇద్దరు లేదా అంతకు మించిన వ్యక్తుల మధ్య సరఫరాను ఏర్పాటు చేసే, లేదా ఫెసిలిటేట్ చేసే బ్రోకరు, ఏజెంటు, మరెవరైనా. అచ్చం అదే క్రియ. సొంత ఖాతా మీద సేవ అందించేవారికి ఇది వర్తించదని అదే వాక్యంలో మినహాయింపు కూడా ఉంది. మామూలుగా విదేశీ క్లయింటుకు చేసిన సేవకు సరఫరా స్థలం, అంటే సేవ అందినట్టు చట్టం లెక్కించే చోటు, ఆ క్లయింటు ఉన్న చోటు. ఇంటర్మీడియరీ అయితే, అప్పటి 13(8)(బి) ప్రకారం, సరఫరా స్థలం సేవ చేసేవాడు ఉన్న చోటే. అంటే విజయవాడ. సరఫరా స్థలం దేశంలోనే ఉంటే అది ఎగుమతి కాదు, 18 శాతం పన్ను కట్టాలి.

ఆ రాత్రి లెక్క వేశాం. రెండు కోట్ల అరవై లక్షల మీద 18 శాతం అంటే దాదాపు 47 లక్షలు. అంతకుముందు సంవత్సరాలను కూడా తిరగదోడితే వడ్డీ వేరు. సంస్థకు వచ్చిన లాభాలన్నీ కలిపినా చాలదు. డాలర్లు అమెరికా నుంచి వచ్చాయని బ్యాంకు చెబుతోంది, క్లయింటు అమెరికాలో ఉన్నాడని అందరికీ తెలుసు, అయినా చట్టం దృష్టిలో ఎగుమతి కాకుండా పోయే పరిస్థితి. సరుకు ఎగుమతి చేసేవాళ్లకు కాకినాడలోనో కృష్ణపట్నంలోనో ఓడ ఎక్కిన రుజువు ఉంటుంది. సేవకు ఓడ లేదు. అది దేశం దాటిందా లేదా అన్నది ఒప్పందం చదివి తేల్చుకుంటారు.

ఆగిన డబ్బు

మొదట ఆగింది పన్నెండు లక్షలు. ఒక ఏడాది నాలుగు త్రైమాసికాల ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్. ఆఫీసు అద్దె మీద, ఇంటర్నెట్ మీద, సాఫ్ట్‌వేర్ మీద కట్టిన జీఎస్టీ అది, ఎగుమతిదారుకు వెనక్కి రావాల్సింది. కోడింగ్ సాఫ్ట్‌వేర్ చందా అమెరికన్ కంపెనీకి కడతారు. అది సేవల దిగుమతి కాబట్టి రివర్స్ చార్జీ కింద పన్నును ముందు మనమే నగదుగా కట్టి, తర్వాత రిఫండు అడగాలి. సేవను ఎగుమతి చేయాలంటే ముందు ఇంకొక సేవను దిగుమతి చేసుకోవాలన్న సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు.

2021 జనవరిలో రిఫండు తిరస్కరించారు. అప్పీలు వేశాం. తర్వాతి త్రైమాసికాల దరఖాస్తులూ అదే కారణంతో ఆగిపోయాయి. 2022 నాటికి మొత్తం 31 లక్షలకు చేరింది.

ఎక్కువ టర్నోవరు ఉన్నవాళ్లకు ఇది చిన్న మొత్తం. ఈ సంస్థకు రెండున్నర నెలల జీతాలు. ఇన్వాయిసు పంపాక డబ్బు రావడానికి 45 నుంచి 60 రోజులు. జీతాలు మాత్రం ఒకటో తారీఖున పడాలి, లేకపోతే నేర్చుకున్న అమ్మాయి పక్క సంస్థకు వెళ్లిపోతుంది. బ్యాంకుకు వెళ్లాం. గుంటూరు మిర్చి వ్యాపారి కోల్డ్ స్టోరేజీ బాండు చూపించి అప్పు తెచ్చుకుంటాడు. ఇక్కడ తాకట్టు పెట్టడానికి ఏముంది? నలభై ఎనిమిది కంప్యూటర్లు, అవీ పాతవి. ఎగుమతి రుణాలు సేవలకు కూడా ఇవ్వవచ్చని కాగితం మీద ఉంది. మేనేజరు మర్యాదగానే మాట్లాడి, ఇంటి పత్రాలు ఉన్నాయా అని అడిగారు. చివరికి ఆవిడ బంగారం కుదువపెట్టారు. రిఫండు ఆలస్యమైతే చట్ట ప్రకారం 6 శాతం వడ్డీ రావాలి. బంగారం అప్పు దానికి రెట్టింపు. తర్వాత ఆ 6 శాతం కోసం మేము మళ్లీ పోరాడలేదు, ఓపిక లేక.

అదే సమయంలో పెరగాల్సిన అవకాశం తలుపు తట్టింది. 2021 జనవరి 1 నుంచి అమెరికాలో క్లినిక్ సందర్శనల స్థాయిని లెక్కగట్టే నిబంధనలు మారాయి. అంతకుముందు డాక్టరు ఎన్ని ప్రశ్నలు అడిగాడు, ఎన్ని అవయవాలు పరీక్షించాడు అన్న లెక్క ఉండేది. కొత్త పద్ధతిలో వైద్య నిర్ణయం ఎంత సంక్లిష్టం, లేదా ఎంత సమయం పట్టింది అన్నదే ముఖ్యం. 2020 డిసెంబరంతా మనవాళ్లు రాత్రులు కూర్చుని ఈ నిబంధనలు నేర్చుకున్నారు. బిల్లింగ్ కంపెనీ మెచ్చి, పాత చార్టులను ఆడిట్ చేసే పని ఇస్తామంది. చార్టు రేటు రెట్టింపు. దానికి మరో పన్నెండు మంది కావాలి, శిక్షణకు మూడు నెలల జీతం చేతినుంచి పెట్టాలి. ఆవిడ నలుగురిని మాత్రమే తీసుకున్నారు. మిగతా పని వేరే చోటికి వెళ్లిపోయింది. ఆ చోటు ఏ దేశంలో ఉందో కూడా మాకు చెప్పలేదు.

విచారణ

2021 సెప్టెంబరు 20న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 159వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. ఇంటర్మీడియరీ కావాలంటే కనీసం మూడు పక్షాలు ఉండాలని, ప్రధాన సేవ వేరు, మధ్యవర్తి సేవ వేరుగా కనిపించాలని, సబ్ కాంట్రాక్టు పద్ధతిలో ప్రధాన సేవనే చేసేవాడు ఇంటర్మీడియరీ కాడని అందులో స్పష్టంగా చెప్పారు. సర్క్యులర్ చేతిలో ఉంటే సరిపోదు. మనవాళ్లు చేసేదే ప్రధాన సేవ అని అప్పిలేట్ అధికారికి చూపించాలి.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. పని చూపించాలంటే చార్టు చూపించాలి. చార్టులో రోగి పేరు, పుట్టిన తేదీ, జబ్బు ఉంటాయి. రోగుల సమాచార గోప్యత కోసం ఉన్న అమెరికా హిపా చట్టం కింద సంస్థ రాసిచ్చిన ఒప్పందం ప్రకారం అవి గది దాటకూడదు. మనం ఎగుమతిదారులమని నిరూపించుకోవడానికి ఎగుమతి ఒప్పందాన్ని ఉల్లంఘించాలి. నాలుగు రోజులు ఆలోచించి, ఆవిడ కల్పిత రోగులతో ఆరు చార్టులు తయారు చేశారు. వాటిని మామూలుగా కోడింగ్ చేసే విధంగానే ఒక కోడరు చేత చేయించి, ఒక్కొక్క అడుగు స్క్రీన్ మీద రికార్డు చేయించారు.

విచారణ రోజు ల్యాప్‌టాప్ పట్టుకుని ఆవిడే వచ్చారు. నేను సెక్షన్లు చదివాను. అధికారి విన్నారు గానీ ముఖంలో మార్పు లేదు.

"డాక్టరు ఒకవైపు, బీమా కంపెనీ ఒకవైపు. మధ్యలో మీరున్నారు. మధ్యవర్తి కాక ఏమిటి మేడమ్?" అన్నారు.

ఆవిడ మొదటి చార్టు తెరిచారు. "సార్, ఇక్కడ డాక్టరుగారు 'ఛాతీ నొప్పి, ఆంజైనా కావచ్చు' అని రాశారు. ఆంజైనా అంటే గుండె జబ్బు వల్ల వచ్చే నొప్పి, దానికి కోడ్ ఐ20.9. మేము అది వేయకూడదు. అవుట్ పేషెంట్ విషయంలో 'కావచ్చు' అన్నదాన్ని జబ్బుగా రాయకూడదని నిబంధన. అందుకని ఛాతీ నొప్పికి ఆర్07.9 వేశాం. ఐ20.9 వేసి ఉంటే అది తప్పుడు క్లెయిము. తనిఖీలో దొరికితే ఆ డాక్టరు మీదకు వస్తుంది, అక్కడి నుంచి మా మీదకు వస్తుంది."

"మీ మీదకు ఎందుకొస్తుంది?"

"నిర్ణయించింది మేము కదా సార్. తప్పు నూటికి ఐదు దాటితే మాకు డబ్బు కోస్తారు."

అధికారి కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని రెండో చార్టు చూపించమన్నారు. అది క్లినిక్ సందర్శన స్థాయికి 99213 వేయాలా 99214 వేయాలా అన్న చార్టు. మూడోది కూడా చూశారు. నా సెక్షన్లు ఇరవై నిమిషాల్లో చేయలేని పని ఆ "కావచ్చు" అన్న మాట చేసింది.

వసూళ్లలో శాతం తీసుకోవడం కమీషన్ లాగే ఉంది కదా అని తర్వాత అడిగారు. అది మా బలహీనమైన చోటు, నాకు తెలుసు. శాతం అన్నది ధర నిర్ణయించే పద్ధతి మాత్రమేనని, తిరస్కరణ లేఖ చదివి, కోడ్ సరిచేసి, ఆధారాలు జతచేసి అప్పీలు రాసేది ఈ గదిలోనే అని, డాక్టర్లతో గానీ బీమా కంపెనీలతో గానీ సంస్థకు ఒప్పందం లేదని చెప్పాను. అయినా కోడింగ్ ఒప్పందం ఒక్కటే ఉండి ఉంటే నోటీసే వచ్చేది కాదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

2022 మార్చిలో ఉత్తర్వు మాకు అనుకూలంగా వచ్చింది. ఒకవేళ ఓడిపోయి ఉంటే ఆ పైన వెళ్లడానికి జీఎస్టీ ట్రిబ్యునలే అప్పటికి లేదు. 2017లో చట్టం వస్తే ట్రిబ్యునల్ 2025 సెప్టెంబరులో మొదలైంది. మధ్యలో హైకోర్టు ఒక్కటే దిక్కు, ఆ ఖర్చు ఈ స్థాయి సంస్థ భరించేది కాదు.

మార్చినవి

రెండో ఒప్పందాన్ని తిరగరాయించాం. బిల్లింగ్ కంపెనీ లాయరుకు 'ఫెసిలిటేట్' తీసేయమంటే మొదట అర్థం కాలేదు. ఆయన దృష్టిలో అది ప్రమాదం లేని మాట. "సొంత ఖాతా మీద, సొంత సిబ్బందితో, ఫలితానికి బాధ్యత వహిస్తూ" అన్న అర్థం వచ్చే వాక్యం పెట్టించాం. వసూళ్లలో శాతం బదులు పరిష్కరించిన ఒక్కో క్లెయిముకు ఇంత, నెలకు కనీసం ఇంత అని రాయించాం. రేటు కొద్దిగా తగ్గింది. ఆవిడ ఒప్పుకున్నారు.

పన్ను దారి కూడా మార్చాను. అప్పటివరకు ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఇచ్చి పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తూ, మిగిలిన క్రెడిట్‌ను వెనక్కి అడిగేవాళ్లం. ఆ పద్ధతిలో కంప్యూటర్లలాంటి మూలధన వస్తువుల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. రూల్ 89(4) లెక్కలో వాటికి చోటు లేదు. కొత్త కంప్యూటర్లు కొన్న త్రైమాసికంలో మాత్రం ఐజీఎస్టీ కట్టి ఎగుమతి చేసి, కట్టిన పన్నునే రిఫండు అడిగాం. అలా చేస్తే కంప్యూటర్ల క్రెడిట్ కూడా వాడుకలోకి వస్తుంది.

క్యాబ్‌ల సంగతి ఇంకొకటి. ఉద్యోగులను తీసుకొచ్చే చిన్న వాహనాల అద్దె మీద క్రెడిట్ మామూలుగా రాదు. కానీ ఏదైనా చట్టం ప్రకారం యజమాని ఆ సౌకర్యం తప్పనిసరిగా ఇవ్వాల్సి ఉంటే వస్తుంది. రాత్రి షిఫ్టులో స్త్రీలను పనిలో పెట్టుకునే అనుమతికి రవాణా ఏర్పాటు ఒక షరతు. కాబట్టి అమ్మాయిలను ఇంటి దగ్గర దింపే రాత్రి క్యాబ్‌లకు క్రెడిట్ తీసుకుంటాం, పగటి క్యాబ్‌లకు తీసుకోం. రెండింటికీ వేర్వేరు బిల్లులు.

బ్యాంకు కాగితాలది చిన్న తలనొప్పి. ఇన్వాయిసులో ఉన్న మొత్తం కంటే వచ్చే సొమ్ము ప్రతిసారీ పాతిక ముప్ఫై డాలర్లు తక్కువ, మధ్య బ్యాంకుల చార్జీలు. ఆ తేడాకు ప్రతి నెలా ఒక పట్టిక తయారుచేసి ఫైల్లో పెడుతున్నాం. ఇంతకుముందు అడిగినప్పుడు వెతుక్కునేవాళ్లం.

ఆ తర్వాత

రిఫండు డబ్బు చేతికొచ్చాక బంగారం విడిపించుకుని, మిగిలింది ఖర్చు చేయకుండా రెండు నెలల జీతాల నిధిగా ఉంచుకోమని చెప్పాను. సిబ్బంది 2023 చివరికి 70కి చేరారు.

2024 ఫిబ్రవరిలో అమెరికాలో క్లెయిములను చేరవేసే ఒక పెద్ద క్లియరింగ్ హౌస్ మీద సైబర్ దాడి జరిగింది. వారాల తరబడి క్లెయిములు కదలలేదు, క్లినిక్‌లకే డబ్బు రాలేదు. వసూళ్లలో శాతం మీద బతికే చిన్న సంస్థలు హైదరాబాదులో, చెన్నైలో ఎంత ఇబ్బంది పడ్డాయో ఆ రంగంలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రెండో ఒప్పందం పాతదే ఉంటే దాని మీద ఆ రెండు నెలల ఆదాయం సున్నా. కనీస మొత్తం షరతు వల్ల సగం వచ్చింది, నిధి మిగతా సగం మోసింది. ఈ దాడిని ఊహించి ఆ షరతు పెట్టానని చెప్పుకోను. శాతం అన్న మాట వదిలించుకోవడం కోసమే పెట్టాను.

బయటి గోడలు అలాగే ఉన్నాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు పేదల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్ ఒప్పందాల్లో పనిని దేశం బయటకు పంపకూడదని షరతు పెడతాయి. ప్రధానంగా వృద్ధులకు ఉన్న మెడికేర్ అడ్వాంటేజ్ బీమా ప్లాన్‌లు రోగుల సమాచారం చూసే విదేశీ సబ్ కాంట్రాక్టర్ల గురించి ప్రకటించాలి. సుంకం అంటూ ఏమీ లేకపోయినా ఆ పని మనవాళ్లకు రాదు. ఎక్స్-రే రిపోర్టుల వంటి తేలిక చార్టులను యంత్రాలే కోడింగ్ చేస్తున్నాయి. ఆ బల్ల మీద ఉన్న ఏడుగురిని ఆడిట్ పనికి మార్చారు, ఇద్దరు మారలేక మానేశారు.

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 13(8)(బి)ని తొలగించాలని సిఫారసు చేసింది. ఆ మర్నాడు ఉదయమే ఆవిడ ఫోన్ చేశారు.

"సార్, అయితే ఆ మాట ఉన్నా ఇక పరవాలేదా?"

"సిఫారసు చేశారమ్మా, చట్టం మారాలి. పాత సంవత్సరాలకు పాత చట్టమే. మీరు మాత్రం ఆ మాట మళ్లీ రానివ్వకండి" అన్నాను.

ఈమధ్య టెక్సాస్ నుంచి ఆవిడకు ఒక కొత్త క్లయింటు ఒప్పందం ముసాయిదా పంపారు. ముప్ఫై ఒక్క పేజీలు. ఫెసిలిటేట్ లేదు, వెతికి చూశాను. పందొమ్మిదో పేజీలో సమాచారం బయటపడితే సంస్థ కట్టాల్సిన పరిహారానికి పరిమితి రాయలేదు. దాని పక్కన పెన్సిలుతో గీత పెట్టి తిరిగి పంపించాను. జవాబు ఇంకా రాలేదు.